లంకలో ఎంతమంది ఉంటే వంతెన పడుతుంది?

జనాభా లెక్కల వాళ్ళు జిల్లాకొక లావుపాటి పుస్తకం వేస్తారు. డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్ అంటారు దాన్ని. అందులో ప్రతి రెవెన్యూ గ్రామానికీ ఒక వరస ఉంటుంది. ఊరి విస్తీర్ణం, జనాభా, బడి, ఆసుపత్రి, బస్సు, రైలు, తారు రోడ్డు, ఇలా బోలెడు గడులు. సౌకర్యం ఊళ్ళోనే ఉంటే సరే, లేకపోతే అది ఎంత దూరంలో ఉందో ఒక్క అక్షరంలో చెప్తారు. ఎ అంటే 5 కిలోమీటర్ల లోపు, బి అంటే 5 నుంచి 10, సి అంటే 10 పైన. మన భాషలో చెప్పాలంటే మూడు విలువలున్న ఈనమ్ అన్నమాట. దేశంలో ఆరు లక్షల పైచిలుకు గ్రామాల దూరాభారాలన్నీ ఈ మూడక్షరాల్లో ఇమిడిపోయాయి.

ఈ పట్టికలంటే నాకు చాలా ఇష్టం. ఆదివారం పూట ఎక్సెల్‌లో తెరిచి ఊళ్ళ పేర్లు చదువుకుంటూ కూర్చోగలను (ఇంట్లో వాళ్ళకి ఇది అర్థం కాదు, వదిలేయండి). కాకపోతే మాది కోనసీమ. అక్కడి ఊళ్ళ దగ్గరకొచ్చేసరికి ఈ ఎ, బి, సి లు చాలా తమాషాగా కనిపిస్తాయి.

సఖినేటిపల్లి తీసుకోండి. వశిష్ఠ గోదావరికి ఇటుపక్కన అది, అటుపక్కన నరసాపురం. రేవులో నిలబడితే అవతలి ఒడ్డున మేడలు కనిపిస్తాయి. నరసాపురంలో రైల్వే స్టేషనుంది. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే అటూ ఇటూగా ఐదు కిలోమీటర్లు. పంటి నడుస్తున్నంతసేపూ ఆ దూరం నిజమే. పంటి ఆగిపోయిందా, రాజోలు వైపు వెళ్ళి, దిండి దగ్గర చించినాడ వంతెనెక్కి, పాలకొల్లు మీదుగా తిరిగి రావాలి. పొద్దున ఒక దూరం, రాత్రి ఒక దూరం. ఎండాకాలం ఒకటి, శ్రావణమాసంలో ఇంకొకటి. పట్టికలో మాత్రం ఒక్కటే గడి. న్యాయంగా చెప్పుకోవాలంటే 2011 పట్టికలో ఫెర్రీ ఉందా లేదా అని చెప్పే గడి కూడా ఉంది. చివరి పడవ ఎన్నింటికి, వరదలో ఎన్ని రోజులు ఆపేస్తారు అని అడిగే గడి మాత్రం లేదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊరి జనాభాకీ ఊరి దారికీ మధ్య ఉన్న లంకె మనం అనుకునేదాని కన్నా చాలా పాతది. మా డెల్టాలో దానికి రెండొందల ఏళ్ళ చరిత్ర ఉంది.

1821లో రాజమండ్రి జిల్లా జనాభా సుమారు 7 లక్షల 38 వేలు. 1841కి అది 5 లక్షల 61 వేలకి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నాలుగో వంతు మనుషులు మాయం! యుద్ధమేమీ జరగలేదు. 1832-33లో నందన కరువు వచ్చింది, 1839లో కోరంగిని ముంచిన తుఫాను వచ్చింది, మధ్యలో చిన్నాపెద్దా వరదలు, అనావృష్టి. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్ళు వదిలిపోయారు. పక్కనే గోదావరి సముద్రంలోకి పోతూనే ఉంది.

కరువంటే పంట పండకపోవడం ఒక్కటే కాదు, పండినచోటి నుంచి గింజ రాలేకపోవడం కూడా. ఎద్దు బళ్ళ మీద ధాన్యం తేవాలంటే ఎద్దులకి మేత కావాలి. కరువు సీమలో మేతెక్కడిది? దూరం పెరిగేకొద్దీ బండిలో ఉన్న గింజల విలువ ఎద్దుల తిండికే సరిపోతుంది. వాగు అడ్డం వస్తే అక్కడితో సరి. సర్ హెన్రీ మాంట్‌గొమరీ 1844లో ఈ జిల్లా స్థితి మీద నివేదిక ఇచ్చాడు. తర్వాత ఆర్థర్ కాటన్ వచ్చి ధవళేశ్వరం ఆనకట్ట ప్రతిపాదించడం, 1847లో మొదలెట్టి 1852కి పూర్తి చెయ్యడం మనకి తెలిసిన కథే. మా వైపు ఊరికో కాటన్ దొర విగ్రహం ఉంటుంది కాబట్టి నేను కొత్తగా చెప్పేదేం లేదు.

అయితే ఆ విగ్రహాల కింద సాధారణంగా రాయని సంగతొకటుంది. కాటన్‌కి నీళ్ళెంత ముఖ్యమో పడవలూ అంతే ముఖ్యం. రైలు మార్గాల మీద పోసే డబ్బు కాలువల మీద పొయ్యమని జీవితమంతా పోట్లాడాడు ఆ మనిషి. డెల్టా కాలువలు తవ్వించింది తడికోసం ఎంతో, సరుకు రవాణాకీ అంత. అందుకే వాటికి లాకులు పెట్టారు. సినిమాల్లో పాటలు తీసే లొల్ల లాకులు చూసే ఉంటారు కదా, అవన్నీ హీరోయిన్లు నిలబడ్డానికి కట్టినవి కావు :) ఎత్తు తేడా ఉన్నచోట పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపడానికి కట్టినవి. కాకినాడలో పడవెక్కించిన బస్తా ఏలూరు కాలువ మీదుగా కృష్ణకి, అక్కడ్నుంచి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ళ మీదే వెళ్ళగలిగేది. 2008లో కేంద్ర ప్రభుత్వం ఇదే దారిని జాతీయ జలమార్గం 4 అని ప్రకటించింది. నూట పాతికేళ్ళ కిందట నడిచినదానికి కొత్త నంబరు ఇచ్చారన్నమాట.

గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 1850ల్లో 49 కమానులతో అక్విడెక్టు కట్టారు. కింద నది, పైన కాలువ. అవతలున్న నగరం దీవికి నీళ్ళు తీసుకెళ్ళింది అదే. 2000 ప్రాంతంలో దాని పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. నది మీద కాలువని దాటించిన మొదటి రోజుల్లో మనుషులు దాటడానికి వేరే వంతెన లేదు. నీటికి దారి ముందు దొరికింది, మనిషికి తర్వాత.

నీళ్ళూ పడవలూ వచ్చాక ఏమైంది? 1901 లెక్కలకి గోదావరి జిల్లా జనాభా 23 లక్షలు. మధ్యలో ఏజెన్సీ తాలూకాలు కలిశాయి, హద్దులు మారాయి కాబట్టి పక్కపక్కన పెట్టి ఇన్ని రెట్లు అని లెక్కేస్తే తప్పు. అయినా దిశ స్పష్టం. ఖాళీ అయిపోతున్న జిల్లా కాస్తా పక్క జిల్లాల నుంచి మనుషులు వలస వచ్చే జిల్లా అయ్యింది.

సరే, ఇక్కడ్నుంచి కథ అడ్డం తిరుగుతుంది.

1890ల్లో ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం పడింది. అది బెజవాడ, రాజమండ్రి, సామర్లకోట మీదుగా పోయింది. 1900లో హేవ్‌లాక్ వంతెన తెరిచారు, గోదావరి మీద రైలు పరిగెత్తింది. గోదావరి ఒక్కటిగా ఉన్నచోట ఒక్క వంతెన చాలు. అది చీలిపోయి గౌతమి, వశిష్ఠ, వైనతేయ అయ్యాక కోనసీమలోకి వచ్చిపోవాలంటే కనీసం రెండు పెద్ద పాయలు దాటాలి. ఇంజనీరు ఎవడైనా రాజమండ్రినే ఎంచుకుంటాడు, తప్పు పట్టలేం. ఫలితం ఏంటంటే, పడవల కాలంలో అందరికన్నా మెరుగైన దారులున్న కోనసీమ రైళ్ళ కాలం వచ్చేసరికి మూలన పడింది. కాలువ అదే, నది అదే, మారింది బండి. పాత ప్లాట్‌ఫారం మీద అద్భుతంగా పనిచేసే అప్లికేషను కొత్తదాంట్లో తెరుచుకోకపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసుగా.

గౌతమి ఒడ్డుదాకా వచ్చిన రైలు ఒకటుంది. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో వేశారు. కోటిపల్లి రేవు దాటితే ముక్తేశ్వరం, అక్కడ్నుంచి అమలాపురం దగ్గరే. పన్నెండేళ్ళు నడిచింది. 1940లో రెండో ప్రపంచయుద్ధం అవసరాలకని పట్టాలు పీక్కుపోయారు. మళ్ళీ ఆ లైను మీద రైలు నడిచింది 2004లో. పీకడానికి పట్టిన కాలం సంగతి అటుంచి, పెట్టడానికి 64 ఏళ్ళు! ఆ లైనుని గౌతమి దాటించి, అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం కలిపే 57 కిలోమీటర్ల ప్రాజెక్టు 2000-01 బడ్జెట్లో మంజూరైంది. గౌతమిలో స్తంభాలు లేచాయి. ఇది రాస్తున్న నాటికి అమలాపురంలో ఇంకా రైలు కూత వినపడలేదు. 2022 ఏప్రిల్లో ఏర్పడ్డ కోనసీమ జిల్లాలో 2011 లెక్కల ప్రకారం 17 లక్షల పైన జనం, చదరపు కిలోమీటరుకి ఎనిమిది వందల మంది పైమాటే. జనం చాలక రైలు రాలేదని ఎవరూ అనలేరు. పదిహేడు లక్షల మంది ఉన్నా నది అడ్డం ఉంటే అంతే సంగతులు.

రోడ్ల దగ్గరికొద్దాం. ఎందుకంటే జనాభా అంకె రోడ్డుని శాసించడం అక్కడే మొదలైంది.

1943లో దేశంలోని చీఫ్ ఇంజనీర్లంతా నాగపూరులో కూర్చుని ఇరవై ఏళ్ళ రోడ్ల ప్రణాళిక వేశారు. బాగా సాగైన ప్రాంతంలో ఏ ఊరూ మెయిన్ రోడ్డుకి 5 మైళ్ళకి మించి దూరంలో ఉండకూడదన్నది వాళ్ళ లక్ష్యం. చూడండి, ఇక్కడ కొలత దూరం. ఊళ్ళో పదిమందున్నా పదివేలమందున్నా ఒకటే. 1974లో ఐదో పంచవర్ష ప్రణాళికతో కనీస అవసరాల కార్యక్రమం వచ్చింది. 1500 మంది పైన ఉన్న ఊళ్ళకి అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వెయ్యాలన్నారు. కొలత దూరం నుంచి జనాభాకి మారిపోయింది. తర్వాత 1000 నుంచి 1500 మధ్య ఉన్నవాటిలో సగం అన్నారు. 2000 డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. దాంతో మైదాన ప్రాంతంలో 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాల్లో 250 మంది ఉంటే చాలన్నారు, 2001 లెక్కల ప్రకారం.

ఈ సడక్ యోజన మీద నాకు గౌరవం ఉంది. దాన్ని రాసినవాళ్ళు ఒక మంచి పని చేశారు. సెన్సస్ వాళ్ళలాగా రెవెన్యూ గ్రామాన్ని కాకుండా నివాస ప్రాంతాన్ని లెక్కలోకి తీసుకున్నారు. ఈ తేడా లంకవాళ్ళకి చాలా పెద్దది. కోనసీమలో చాలా లంకలు విడి ఊళ్ళు కావు, గట్టు మీదున్న పెద్ద ఊరికి శివార్లు. గట్టు మీద ఊరికి తారు రోడ్డుంటుంది, బస్సుంటుంది. పట్టికలో ఆ గ్రామానికి అన్నీ ఉన్నట్టే. ఏట్లో ఉన్న శివారు ఆ వరసలో కలిసిపోయి కనపడకుండా పోతుంది. సడక్ యోజన కనీసం ఆ శివారుని విడిగా చూసింది.

చూసింది గానీ దాటలేదు. దాని నిబంధనల్లో వంతెన పొడవుకి ఒక హద్దుంది. మొదట్లో 50 మీటర్లు, తర్వాత 75. అంతకన్నా పొడవైతే మిగతా ఖర్చు దామాషాలో రాష్ట్రం పెట్టుకోవాలి. మూడో దశలో మైదాన ప్రాంతాలకి 150 మీటర్ల దాకా పెంచారు. ఉత్తరాది పల్లెల్లో వాగులకి ఇది ఎక్కువే. వశిష్ఠ పాయ దగ్గర నిలబడి 150 మీటర్లు కొలవండి, ఇసుక తిన్నె కూడా పూర్తవ్వదు. అంటే దేశం మొత్తానికి రాసిన రూలు ఏట్లో ఉన్న ఊరిని అర్హుల జాబితాలో పెట్టి, ఖర్చు దగ్గర బయటకి తోసేస్తుంది.

మా అమ్మమ్మ గారిది ఒక లంక. పేరు చెప్పను, చెప్పినా మీకు తెలిసేంత ఊరు కాదు. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళేవాళ్ళం. ఏటిగట్టు దిగి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచి, నాటుపడవెక్కితే అవతల మామయ్య సైకిలుతో నిలబడి ఉండేవాడు. మాకది సరదా. మా అత్తకి పురుడొచ్చినప్పుడు సరదా కాదు. నొప్పులు మొదలవ్వకుండా నెలరోజుల ముందే ఆవిడని గట్టు మీద చుట్టాలింట్లో పెట్టేవారు. ఆ లంకలో ఏ ఇంట్లో అడిగినా ఇదే పద్ధతి. ఎర్రనీళ్ళొచ్చే కాలంలో పుట్టబోయే పిల్లలు లంకలో పుట్టరు. లంకలో పుట్టినట్టు రాసుకునేవాళ్ళు తక్కువ. బడి ఐదో తరగతి దాకా. ఆ తర్వాత మగపిల్లలు పడవెక్కేవారు, ఆడపిల్లల్లో చాలామంది ఎక్కేవారు కాదు. "రోజూ ఏరు దాటించి పంపుతామేంట్రా ఆడపిల్లని?" అని మామయ్యే అనేవాడు, ఆయనకి కూతుళ్ళంటే ప్రాణం.

ఆ భయం ఉత్తుత్తి భయం కాదు. 2018 జులై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి నుంచి ఇళ్ళకెళ్తున్న పిల్లలున్న పడవ బోల్తా పడింది. కొందరు ఆడపిల్లలు మళ్ళీ ఇంటికి రాలేదు. పడవ తగిలింది దేనికో తెలుసా? ఆ లంక కోసం కడుతూ మధ్యలో ఉన్న వంతెన స్తంభానికి. ఈ వాక్యం రాసి కాసేపు ఆగాల్సొచ్చింది.

పి.గన్నవరం మండలంలో ఊడుమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేట అని ఉన్నాయి. ఎండాకాలం ఏటిపాయలో మట్టితో తాత్కాలికంగా గట్టు వేస్తారు, దాని మీద మోటారు సైకిళ్ళూ ఆటోలూ నడుస్తాయి. జులైలో మొదటి వరదకి అది కొట్టుకుపోతుంది. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది, మళ్ళీ పడవలు మొదలౌతాయి. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే కథా అలాంటిదే, కాకపోతే అది కొట్టుకుపోదు, మునుగుతుంది. ఏటా అదే ఫోటో. పేపరు వాళ్ళు పాతదే వేసినా ఎవరూ గుర్తుపట్టరేమో.

"ఇన్ని తిప్పలెందుకు, ఆ నాలుగిళ్ళవాళ్ళని గట్టు మీదకి తెచ్చేస్తే పోలా?" అని ఆఫీసులో ఒక మిత్రుడన్నాడు. వినడానికి లాజిక్కు బానే ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరదొచ్చినప్పుడు కూడా ఇదే మాట వినపడిందట. కాకపోతే లంకభూమి సంగతి అతనికి తెలీదు. ప్రతి వరదా ఒండ్రు వేసి పోతుంది. అరటి, కూరగాయలు, పసుపు, కంద, ఏది వేసినా పండుతుంది. ఒకప్పుడు లంక పొగాకు ఎంత పేరుమోసిందంటే, దాంతో చుట్టిన చుట్టల ప్రస్తావన 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో ఉంది. హోమ్స్‌గారు బూడిద చూసి అది లంక చుట్టో కాదో చెప్పేయగలడట! లంకలో పండిన ఆకు లండన్ డిటెక్టివ్ దాకా వెళ్ళింది. పండించినవాడు గట్టు మీద ఆసుపత్రికి వెళ్ళడానికి పడవకోసం చూస్తున్నాడు. ఆ భూమి వదిలి గట్టెక్కితే వాళ్ళు కూలీలౌతారు. నా మిత్రుడి దగ్గర దానికి జవాబు లేదు, టీ తాగి వెళ్ళిపోయాం.

ఇక అసలు చిక్కు. జనాభాని బట్టి దారి వస్తుంది అన్నారు కదా. జనాభా ఎలా లెక్కపెడతారు?

మన సెన్సస్ ఫిబ్రవరిలో జరుగుతుంది. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఇల్లిల్లూ తిరిగారు. ఆ ఇరవై రోజుల్లో అస్సలు ఇంట్లో లేనివాళ్ళని ఆ ఇంట్లో లెక్కించరు, ఉన్నచోట లెక్కిస్తారు. దేశం బయట ఉంటే ఎక్కడా లెక్కించరు. గణాంక శాస్త్రం ప్రకారం ఇది సబబే, ఒక మనిషిని రెండుసార్లు లెక్కపెట్టకూడదు. ఇప్పుడు గోదావరి జిల్లాల సంగతి చూడండి. ఇంటికొకరు కువైట్లోనో మస్కట్లోనో ఉంటారు. ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. చదువుకున్నవాళ్ళం మనం హైదరాబాదు, బెంగుళూరు, డాలస్ చేరాం. ఉమ్మడి తూర్పుగోదావరి జనాభా 2001లో 49 లక్షలు, 2011లో 51 లక్షల 54 వేలు. పదేళ్ళలో ఐదు శాతం పెరుగుదల. అదే కాలంలో ఉమ్మడి రాష్ట్రం 11 శాతం పెరిగింది. పిల్లలు తగ్గడం ఒక కారణం, అది రాష్ట్రమంతటా జరిగింది. 2005-06 కుటుంబ ఆరోగ్య సర్వేకే మనం సగటున 1.8 దగ్గరున్నాం. మిగిలిన తేడాలో వలసకి పెద్ద వాటా ఉందని నా అభిప్రాయం.

ఇదే జిల్లా స్థాయిలో కాకుండా లంక స్థాయిలో ఊహించండి. 520 మంది ఉన్న లంక అనుకుందాం. దారి లేదు కాబట్టి ముప్ఫైమంది వెళ్ళిపోయారు. పై లెక్కలకి అది 490 అయ్యింది. 500 దాటలేదు కాబట్టి జాబితాలో లేదు. జాబితాలో లేదు కాబట్టి దారి రాదు. దారి రాదు కాబట్టి ఇంకో ముప్ఫైమంది వెళ్తారు. ఎ కోసం బి, బి కోసం ఎ ఎదురుచూడ్డం! మన దగ్గర ఇలాంటిది దొరికితే బగ్ రాసి ఎవడికో ఒకడికి తగిలిస్తాం. ఇక్కడ ఎవరికి తగిలించాలి? సెన్సస్ వాడు తన పని సరిగ్గానే చేశాడు. రోడ్ల వాడూ రూలు ప్రకారమే పోయాడు. ఇద్దరి ప్రోగ్రాములూ విడివిడిగా కరెక్టే.

రూలుకి బయట నుంచి మనిషి పట్టుబట్టినప్పుడు కట్టిన వంతెన ఒకటుంది మా దగ్గర. యానాం ఎదురుగా గౌతమి ఇవతలి ఒడ్డున ఎదుర్లంక. జి.ఎం.సి. బాలయోగి గారు పుట్టిన ఊరు. జిల్లా పరిషత్ చైర్మన్‌గా, అమలాపురం ఎంపీగా, 1998 నుంచి లోక్‌సభ స్పీకరుగా చేశారు. ఆ రేవు మీద వంతెన ఆయన పట్టుదలతో మొదలైంది. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో ఆయన పోయారు, ఆ ఏడే వంతెన తెరిచి ఆయన పేరే పెట్టారు. అప్పటిదాకా అమలాపురం నుంచి కాకినాడ వెళ్ళాలంటే రేవు దాటాలి, లేదా రావులపాలెం మీదుగా చుట్టు తిరగాలి. 1996 నవంబరు 6 రాత్రి తుఫానొచ్చి వెయ్యిమందికి పైగా చనిపోయినప్పుడు కొబ్బరిచెట్లు రోడ్లకడ్డంగా పడిపోయి ఉన్న ఒకటి రెండు దారులూ మూసుకుపోయాయి. అది చూసినవాళ్ళకి ఎదుర్లంక వంతెన విలువ వేరుగా చెప్పక్కర్లేదు. కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీకి ఇంటి నుంచే బస్సులో వెళ్ళొచ్చిన మొదటి బ్యాచీలు ఆ తర్వాతవే.

కానీ ఒక లోక్‌సభ స్పీకరు పుట్టాలా ప్రతి రేవుకీ? కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య రేవుకి ఎవరు పుట్టాలి? సఖినేటిపల్లికి? ఊడుమూడిలంకకి? పంటి నడిపే అతన్ని ఒకసారి అడిగాను, వంతెన పడితే మీకు ఇబ్బంది కదా అని. "ఆయ్, పడనివ్వండి బాబుగారూ, మా పిల్లలూ ఇటే కదండీ బడికెళ్ళేది" అన్నాడు. రేవు పాట పాడుకునేవాళ్ళు అదే మాట అంటారో లేదో నాకు అనుమానమే.

నన్నడిగితే చెయ్యదగ్గ పని ఒకటుంది, దానికి కోట్లేం అక్కర్లేదు. ఆ ఎ, బి, సి గడి పక్కన ఇంకో గడి పెట్టాలి: ఏడాదిలో ఎన్ని రోజులు ఈ దారి ఉండదు? తహసీల్దారు దగ్గర వరద రిజిస్టరుంటుంది, రేవు ఆపిన తేదీలుంటాయి. ఈ అంకె ఉంటే 490 మందున్న లంక, 40 రోజులు దారి లేని లంక అని కూడా తెలుస్తుంది. కొండ ప్రాంతానికి 250 అని మినహాయింపు ఇచ్చినప్పుడు నది మధ్య ఉన్న ఊరికి ఎందుకివ్వరు అని అడగడానికి ఒక ఆధారం దొరుకుతుంది. 2024లో మంజూరైన సడక్ యోజన నాలుగో దశ కూడా 2011 జనాభానే వాడుతోంది, మైదానంలో హద్దు మళ్ళీ 500. పదమూడేళ్ళ నాటి అంకె అది. 2021లో జరగాల్సిన లెక్కలు కోవిడ్‌తో వాయిదా పడి, 2027 మార్చి 1 ప్రాతిపదికగా పెట్టారు.

అంటే తలలు లెక్కపెట్టేది మళ్ళీ ఫిబ్రవరిలోనే. అప్పుడు గోదావరిలో నీళ్ళుండవు. తాత్కాలిక గట్టు బ్రహ్మాండంగా ఉంటుంది. ఎన్యూమరేటరు గారు మోటారు సైకిలు మీద, చెప్పు తడవకుండా లంకలోకి వచ్చేస్తారు.